మోకాలి లోతు నీళ్ళలో ఆగని పాపర్

మైపాడు బీచ్‌లో గానీ కొత్తపట్నం బీచ్‌లో గానీ ఆదివారం పొద్దున గాలాలు పట్టుకొచ్చేవాళ్ళని కాసేపు గమనించండి. పన్నెండు అడుగుల రాడ్డు, దాని చివర వంద గ్రాముల సీసం. నడుం లోతు దాకా దిగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి రెండో అలల వరస అవతలికి విసురుతారు. వెనక్కి వచ్చి ఇసుకలో పీవీసీ పైపు పాతి, రాడ్డు దానికి అప్పజెప్పి, ఫోన్ తీస్తారు. వాళ్ళు ఏ చేప కోసం వచ్చారో ఆ చేప చాలాసార్లు వాళ్ళ పిక్కల పక్కనే తిరుగుతూ ఉంటుంది. నీళ్ళలోకి దిగేటప్పుడు దాన్ని చెదరగొట్టి, అది లేని చోటికి ఎర పంపించి, "ఈరోజు చేప లేదబ్బా" అని ఇంటికి పోతారు.

నాకు ఈ పద్ధతితో పేచీ ఉంది. వాళ్ళు వెతికే ఆ చేప పేరు వైటింగ్. దాని కోసం దూరం విసరక్కర్లేదు, సీసం అక్కర్లేదు, నీళ్ళు తేటగా ఉన్న రోజుల్లో ఎర కూడా అక్కర్లేదు. నీళ్ళ మీద తేలే అయిదు సెంటీమీటర్ల లూర్ (చేపని మోసం చేసే బొమ్మ) ఒకటి చాలు, లాగితే ముఖంతో నీళ్ళు చిమ్మే పాపర్ లాంటిది. దాన్ని మోకాలి లోతు నీళ్ళ మీద ఆపకుండా లాక్కురావాలి. ఆ "ఆపకుండా" దగ్గరే చాలామంది తప్పుతారు, అందుకే దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

ముందు చేప సంగతి. హోటల్ మెనూల్లో లేడీ ఫిష్ అని రాసేది, మంగళూరువాళ్ళు కానే అనేది, తమిళంలో కెళంగాన్ అనేది ఇదే. మన తీరంలో ఎక్కువగా దొరికే రకం సిల్లాగో సిహామా. మహా పెరిగితే ముప్పై సెంటీమీటర్లు, మామూలుగా జానెడు. సన్నగా, వెండి రంగులో, ముక్కు మొనతేలి ఉంటుంది. నోరు చాలా చిన్నది, ముక్కు కింద ఉంటుంది. ఇసుకలో పురుగుల్ని, చిన్న రొయ్యల్ని ఏరుకుని తింటుంది. బెదిరితే ఇసుకలోనే దూరిపోతుంది. ఒడ్డుకి అలివి వల లాగేవాళ్ళకి ఇది బాగా తెలుసు, వల అడుగు తాడు కిందనుంచే తప్పించుకుంటుంది. (యూట్యూబ్‌లో లేడీ ఫిష్ అని కొడితే నీళ్ళలోంచి పైకెగిరే పొడవాటి చేప వస్తుంది. అది పూర్తిగా వేరే చేప, దాని వీడియోలు చూసి సామాను కొనకండి.)

ఇంత చెప్పగానే ఎదుటివాడు అడిగేది ఒకటే. అడుగున తినే చేపకి, నోరు కిందికి ఉన్న చేపకి, నీళ్ళ పైన తేలే బొమ్మ ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు రొయ్య దగ్గర ఉంది.

నెల్లూరు జిల్లాలో రొయ్యల గుంట చూడనివాళ్ళు తక్కువ. రాత్రిపూట గట్టు మీదనుంచి టార్చి వేసినా, మేత చూసే చెక్ ట్రే పైకి లేపినా వెనామీ రొయ్య ఏం చేస్తుందో గుర్తుతెచ్చుకోండి. తోకతో ఒక్క తన్ను తన్ని వెనక్కి ఎగురుతుంది. భయపడ్డ రొయ్య అడుక్కి పోయి దాక్కోదు, పైకి లేస్తుంది. నీళ్ళు తక్కువగా ఉంటే నీళ్ళ బయటికే దూకుతుంది. పడుతుంది, మళ్ళీ దూకుతుంది. సముద్రపు రొయ్యా అంతే. పెద్ద వైటింగ్‌లు గుంపుగా ఒక రొయ్య వెంట పడ్డప్పుడు ఆ వేట అడుగున మొదలై నీళ్ళ మీద ముగుస్తుంది. పైగా అడుగున్నర లోతు నీళ్ళలో అడుగుకీ పైకీ మధ్య ఉన్న దూరం ఎంత? అడుగునుంచి పైకి రావడానికి వైటింగ్‌కి ఒక్క తోక ఊపు చాలు.

ఈ పద్ధతిని బాగా సాధన చేసింది ఆస్ట్రేలియావాళ్ళు, ముఖ్యంగా న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ తీరాల్లో. వాళ్ళ సాండ్ వైటింగ్, సిల్లాగో సిలియాటా, మన చేప కన్నా పెద్దది, అర మీటరు దాకా పెరుగుతుంది. అక్కడ కూడా దీన్ని చాలాకాలం పురుగుకే, రొయ్యకే పడే చేప అనుకున్నారు. ఇప్పుడు బాస్‌డే సుగాపెన్, రివర్‌టుసీ బబుల్ పాప్ లాంటి చిన్న లూర్లు అక్కడ వైటింగ్ పెట్టెలో తప్పనిసరి సామాను అయిపోయాయి. వాళ్ళనుంచి మనం తెచ్చుకోవాల్సింది లూర్ లాగే తీరుని. సైజుల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టు దించుకోకూడదు. మన చేప చిన్నది, నోరు ఇంకా చిన్నది. వాళ్ళు ఆరేడు సెంటీమీటర్ల లూర్ వేసేచోట మనకి నాలుగున్నర, అయిదు సరిపోతుంది. కొక్కెం కూడా ఒక సైజు తగ్గాలి.

ఇక లాగడం. లూర్లతో చేపలు పట్టడం మనలో చాలామంది పండుగప్ప వీడియోలు చూసి నేర్చుకున్నాం. పాపర్ విసరడం, "బుడుక్" అని ఒక కుదుపు, ఆపడం, నీటి వలయాలు చల్లారేదాకా ఓపిక పట్టడం, మళ్ళీ కుదుపు. పండుగప్పకి అది సరైన పద్ధతే. అది పొంచి ఉండి కొట్టే చేప. రాయి పక్కనో, మడ చెట్టు వేళ్ళ పక్కనో నిలబడి, దెబ్బతిని ఆగిపోయినదాన్ని మింగుతుంది. వైటింగ్ బట్టబయలు ఇసుక మీద తిరిగే చేప, దానికి పొంచి ఉండే చోటే లేదు. తరుముతుంది, అంతే. పారిపోతున్నది హఠాత్తుగా ఆగితే దగ్గరికొచ్చి చూస్తుంది. తేట నీళ్ళలో దగ్గరికొచ్చి చూస్తే అది ప్లాస్టిక్ అని తెలిసిపోతుంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది, తనతో ఉన్న గుంపునీ తీసుకుపోతుంది.

కాబట్టి లూర్ నీళ్ళ మీద పడ్డ క్షణంనుంచి రీల్ తిరుగుతూనే ఉండాలి. రాడ్డు కొన నీళ్ళ వైపు వంచి, మణికట్టుతో చిన్న చిన్న కుదుపులు ఇస్తూ, కుదుపుకీ కుదుపుకీ మధ్య దారం వదులు కాకుండా తిప్పుతూ ఉండాలి. పాపర్ ముఖం దగ్గర చిటికెడు నీళ్ళు చిమ్మితే చాలు. పెద్ద శబ్దం వస్తోందంటే మీరు ఎక్కువ కొడుతున్నట్టు. పాపర్ బదులు పెన్సిల్ రకం లూర్ అయితే అది ముక్కు కుడికీ ఎడమకీ తిప్పుకుంటూ నడుస్తుంది. దాన్ని కూడా ఆగకుండానే నడిపించాలి. చిన్న గాలికి నీళ్ళు గరగరలాడుతుంటే పాపర్ మేలు, అద్దంలా ఉంటే పెన్సిల్ మేలు. నన్ను అడిగితే కాస్త గరగర ఉన్న రోజే మంచిది. అద్దం లాంటి నీళ్ళలో మనం వాటికి కనిపిస్తాం.

కాసేపటికి లూర్ వెనక నీళ్ళ మీద ఒక గీత లేస్తుంది. తర్వాత రెండు, మూడు గీతలు. ఇక్కడ చెయ్యి దానంతట అదే ఆగుతుంది. టెన్షన్ అలాంటిది. ఆపకండి. తోక దగ్గర నీళ్ళు చిట్లినా, ఠక్కుమని దెబ్బ తగిలినా రాడ్డు పైకి లాగకండి. నోరు కింద ఉన్న చేప పైనున్నదాన్ని పట్టాలంటే ఒంటిని ఒకవైపుకి ఒరిగించాలి. మొదటి దెబ్బలు చాలావరకు తప్పిపోతాయి. మీరు రాడ్డు గుంజితే లూర్ రెండు గజాలు ఎగిరి గుంపులోంచి బయటపడుతుంది, వేట అక్కడితో ఆగిపోతుంది. అదే వేగంతో లాగుతూ ఉంటే తప్పిన చేప మళ్ళీ కొడుతుంది, లేదా దాని పక్కనున్నది కొడుతుంది. ఒకదానికి దక్కకూడదని ఇంకొకటి ఎగబడటమే ఈ వేటలో మనకి కలిసొచ్చేది. దారం మీద నిజంగా బరువు పడ్డాకే, రాడ్డు మెల్లగా పక్కకి తిప్పితే సరి. ఆ పాటికి అదే తగులుకుని ఉంటుంది.

ఇంకొకటి. చీలమండ లోతు వచ్చేదాకా లూర్ నీళ్ళలోంచి తీయకూడదు. ఒడ్డు దగ్గర రొయ్యకి పారిపోయే చోటు అయిపోతుంది, చేపకి తొందర పెరుగుతుంది. నాకు పడ్డ మంచి చేపల్లో చాలా వాటికి నా బొటనవేళ్ళు కనిపించే ఉంటాయి.

కొక్కేల గురించి కూడా గట్టిగానే చెప్పాలి. దుకాణంలో కొన్న చిన్న లూర్లకి చాలావాటికి వచ్చే ట్రెబుల్ హుక్కులు (మూడు మొనల కొక్కేలు) లావుగా ఉంటాయి. వైటింగ్ నోటికి అవి పట్టవు. ముందు వాటిని తీసేయండి. సన్నటి తీగతో చేసిన 12 లేదా 14 నంబరు ట్రెబుల్స్ వేసుకోండి. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందని కొత్తవాళ్ళు గుర్తుంచుకోవాలి. ఇంకా మంచిది అసిస్ట్ హుక్. సన్నటి బ్రెయిడ్ (పోగులు అల్లిన) దారం రెండు సెంటీమీటర్ల లోపు ముక్కకి చిన్న ఒంటి కొక్కేన్ని కట్టి, ఆ ముక్కని తోక దగ్గరున్న రింగుకి తగిలించాలి. లూర్‌కి గట్టిగా బిగిసి ఉన్న కొక్కేన్ని చేప నోటితో తోసేస్తుంది. దారానికి వేలాడే కొక్కెం నీళ్ళతో పాటు దాని నోట్లోకి కొట్టుకుపోతుంది. తేడా అక్కడ ఉంది. దారం ముక్క కడుపు దగ్గర కొక్కేన్ని అందుకునేంత పొడవు ఉండకూడదు, ఉంటే విసిరిన ప్రతిసారీ రెండూ పెనవేసుకుంటాయి.

కొందరు కడుపు కొక్కేన్ని పూర్తిగా తీసేస్తారు. చేప వెనకనుంచే వస్తుంది కనుక అందులో తర్కం ఉంది. కానీ కొక్కెం తీసినా, మార్చినా లూర్ తేలే తీరు మారుతుంది. పాపర్ నీళ్ళలో తోక కొంచెం దిగి, ముఖం కొంచెం లేచి నిలబడాలి. బల్లపరుపుగా పడుకుంటే నీళ్ళు చిమ్మదు, తోక మరీ దిగితే వేగంగా లాగినప్పుడు తలకిందులవుతుంది. ఇంట్లో బకెట్ నీళ్ళలో వేసి చూసుకుంటే రెండు నిమిషాల పని. బీచ్‌కి పోయాక తెలుసుకోవడం దండగ. కొక్కెం మొన వెనకుండే ఎదురుముల్లుని కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తే వేలెడు పిల్ల చేపల్ని గాయం లేకుండా వదిలేయొచ్చు. దారం బిగువుగా ఉన్నంతసేపూ ముల్లు లేకపోయినా చేప జారదు. ఇంటికొచ్చాక లూర్లని మంచినీళ్ళలో కడగాలి. మన ఉప్పు గాలికి సన్న కొక్కేలు ఇట్టే తుప్పు పడతాయి.

దారం దగ్గర ఒక్క మాట. లూర్‌కి ముందు కట్టే దారం ముక్కకి, అంటే లీడర్‌కి, అందరూ ఫ్లోరోకార్బన్ దారం కొంటారు. అది నీళ్ళలో మునుగుతుంది, నాలుగు గ్రాముల లూర్ ముక్కుని తనతో పాటు కిందికి లాగుతుంది. పైన తేలే లూర్‌కి మామూలు నైలాన్ చాలు, ఆరు పౌండ్ల బరువు ఆపేది, మీటరుకి కొంచెం ఎక్కువ. ధర తక్కువ, పని ఎక్కువ. లూర్‌ని ముడికి బిగించకుండా చిన్న ఉచ్చులా వదిలే లూప్ నాట్ కడితే అది స్వేచ్ఛగా ఆడుతుంది. స్వివెల్, క్లిప్ లాంటివి ముందు పెడితే ఆ బరువుకి ముక్కు వాలుతుంది, వద్దు. మిగతా సామాను గురించి పెద్దగా చెప్పేది లేదు. ఏడడుగుల తేలికపాటి రాడ్డు, కొన మెత్తగా ఉన్నది. 2000 లేదా 2500 సైజు రీల్. సన్న బ్రెయిడ్. ఎవరి జేబుని బట్టి వాళ్ళు.

ఎక్కడ వేయాలి అన్నది సామాను కన్నా ముఖ్యం. విరిగే అలలో, నురగలో ఈ లూర్ పనికిరాదు. మన బీచ్‌లు చాలావరకు తెరిచి ఉన్న తీరం, అల నేరుగా వచ్చి కొడుతుంది. కానీ ఒడ్డుకి కొంచెం అవతల ఇసుక మేట వేసిన చోట్ల అల దాని మీదే విరిగి, ఇవతల ఒక పొడవాటి గుంతలో నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. ఆ గుంత, ముఖ్యంగా దాని అంచు, మన చోటు. అంతకన్నా మంచివి ఉప్పుటేర్లు, నదులు సముద్రంలో కలిసేచోట లోపలి వైపు ఇసుక తిన్నెలు. పెన్నా ముఖద్వారం వైపు, తూపిలిపాలెం వైపు, ప్రకాశంలో పాకల వైపు నడిచే ఓపిక ఉంటే ఇలాంటి నీళ్ళు వెతుక్కోవచ్చు. పోర్టు హద్దుల జోలికి మాత్రం పోకండి, సెక్యూరిటీవాళ్ళతో గొడవ.

మన తీరంలో ఆటుపోట్ల తేడా మహా అయితే మీటరు అటూ ఇటూ. ఆస్ట్రేలియా వీడియోల్లో లాగా కిలోమీటర్ల కొద్దీ ఇసుక బయటపడి మళ్ళీ మునగదు. అయినా పోటు ఎక్కే మొదట్లో, అప్పటిదాకా ఎండిన ఇసుక మీదికి అరడుగు నీళ్ళు చేరే సమయంలో, చేప ఆ అంచు వెంటే పైకి వస్తుంది. కొత్తగా తడిసిన ఇసుకలో మేత ఉంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ ఉన్న రోజుల్లో ఆ అంచు ఇంకొంచెం ముందుకి జరుగుతుంది కనుక ఆ రోజులు నాకు ఇష్టం.

పొద్దున పూట మనకో సౌకర్యం ఉంది. తెల్లవారుజామున గాలి నేలమీదనుంచి సముద్రం వైపు వీస్తుంది. వీపు వెనకనుంచి వచ్చే ఆ గాలికి నాలుగు గ్రాముల లూర్ కూడా సరిపడినంత దూరం పోతుంది. ఎండ ఎక్కాక సముద్రపు గాలి మొదలైతే అదే లూర్ మొహానికి కొడుతుంది. తూర్పు తీరం కనుక పొద్దున సూర్యుడు ఎదురుగా ఉంటాడు. కళ్ళకి ఇబ్బందే, కానీ మన నీడ వెనక పడుతుంది. సాయంత్రం నీళ్ళు చక్కగా కనిపిస్తాయి గానీ మన నీడ పొడుగ్గా నీళ్ళ మీద పరుచుకుని చేపల్ని తోలేస్తుంది. నేను పొద్దున్నే ఎంచుకుంటాను. పోలరైజ్డ్ కళ్ళజోడు పెట్టుకుని, నీళ్ళలో దిగకముందే పొడి ఇసుక మీదనుంచి మొదటి నాలుగు విసుర్లు, ఒడ్డుకి ఏటవాలుగా.

దిగాల్సి వస్తే పాదాలు ఎత్తి వేయకండి, ఇసుకలో ఈడ్చుకుంటూ నడవండి. ఇలాంటి చోట్లే టేకు చేప (స్టింగ్ రే) ఇసుక కప్పుకుని పడుకుంటుంది. దాని మీద కాలు వేస్తే తోక ముల్లు దిగుతుంది, ఈడ్చిన పాదం తగిలితే తనే తప్పుకుపోతుంది. ముఖద్వారాల్లో పోటు దిగేటప్పుడు లాగుడు ఎక్కువ, నడుం లోతు దాటే పని పెట్టుకోకండి. తెగిన దారం ముక్కలు జేబులో వేసుకు రండి. జనవరి నుంచి ఈ ఇసుకలోకే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

ఇప్పుడు నేను బాగా గౌరవించే ఎదురువాదం. ఊళ్ళో పెద్దాయన ఒకరు, జీవితమంతా సముద్రం మీద గడిపినాయన, నా పెట్టె చూసి నవ్వాడు. "ఏంది అబ్బయా, బతికున్న రొయ్యకి రాని చేప ఈ బొమ్మకి వస్తదా?" ఆయనకి లెక్క తెలుసు. ఒక పూటలో ఎన్ని చేపలు అన్నదే ప్రశ్న అయితే బతికున్న చిన్న రొయ్య నా పాపర్‌ని చాలా రోజుల్లో ఓడిస్తుంది. విసురు వల దాన్నీ ఓడిస్తుంది. ఆయన ఇల్లు గడవాలంటే ఆయన చేసేదే సరైనది, నేను దాని మీద వాదించను.

సెలవు రోజు సరదాకి వచ్చే మనలాంటివాళ్ళకి మాత్రం లెక్క వేరు. ఎర అడుగున పెడితే దాన్ని ముందు ముట్టుకునేది వైటింగ్ కాదు. ఎండ్రకాయలు కొరికేస్తాయి, జెల్లలు మింగేస్తాయి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఆ పూటకి వేట అయిపోయినట్టే. పైన ఆగకుండా పోయే లూర్ వీటన్నిటినీ దాటిపోతుంది. దాన్ని తరిమి అందుకోగలిగేది జోరున్న చేప మాత్రమే, అందుకే పడేవి కాస్త పెద్దవి. ఇంకా ముఖ్యం, ఎర ఒకచోట కూర్చుని చేప వచ్చేదాకా చూస్తుంది. లూర్‌తో మనమే నడుస్తూ గంటలో అర కిలోమీటరు తీరాన్ని జల్లెడ పట్టొచ్చు.

ఖరీదు మాట కూడా వస్తుంది. మంచి లూర్ వెయ్యి రూపాయలకి అటూ ఇటూ ఉంటుంది, నిజమే. కానీ శుభ్రమైన ఇసుక మీద, నీళ్ళ పైన తేలేది దేనికి తట్టుకుని తెగుతుంది? జాగ్రత్తగా వాడితే ఏళ్ళు వస్తుంది. ప్రతి ఆదివారం కొనే సీసం గుళ్ళూ, రొయ్య ప్యాకెట్లూ కూడి చూసుకోండి. చేతి పని వచ్చినవాళ్ళు పొణికి కర్రతో చెక్కుకోవచ్చు కూడా. కొండపల్లి బొమ్మలు చేసే తేలిక కర్ర అదే. ముఖం కొంచెం గుల్లగా తొలిచి, తోకలో చిన్న సీసం ముక్క దించి, రెండు పూతలు వార్నిష్ వేస్తే పాపర్ తయారు. చూడటానికి అందంగా ఉండదు. వైటింగ్ దాని అందం చూడటానికి ఆగదు.

పట్టినవాటిని ఏం చేయాలన్నది మా ఇంట్లో తేలని తగాదా. మామిడికాయ వేసిన నెల్లూరు పులుసులో వేయాలని ఒక వర్గం. ఈ చేప కండ మెత్తన, పులుసులో గరిటె తగిలితే విడిపోతుంది. ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి పెనం మీద వేయించడమే దీనికి న్యాయం అని నా పట్టు. జానెడు లేనివాటిని వదిలేస్తాను, వాటిలో వేయించడానికీ ఏమీ ఉండదు.

ఈ పద్ధతికి కాలం ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా పొద్దుటి నీళ్ళు తేటగా ఉన్నప్పుడు నడుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మర, మోటారు పడవలకి, ఒడ్డున గాలం వేసేవాళ్ళకి అది అడ్డు కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం లూర్ పెట్టె ఇంట్లో పెట్టేయొచ్చు. ఈశాన్య రుతుపవనాల వానలకి పెన్నా ఎర్రనీళ్ళు తెచ్చి సముద్రంలో కలుపుతుంది. 2021 నవంబరు వరద చూసినవాళ్ళకి ఆ రంగు చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళలో వైటింగ్ కంటితో తరమలేదు, వాసన పట్టి వెతుక్కోవాలి. అప్పుడు ఎరే సరి, పొడవు రాడ్డే సరి. తేల్చుకోవడం సులువు. మోకాలి లోతులో నిలబడి కిందికి చూడండి. కాలి గోళ్ళు కనిపిస్తే పాపర్ కట్టండి, కనిపించకపోతే రొయ్య గుచ్చండి.